ఇరవై ఒక్క పాళ్ల దొంగ

ముప్పై రెండు సుడిగుండాలున్న గరుడగండిలో పడవ దించగల సరంగులు ఆ రాజ్యం మొత్తానికి నలుగురే. వాళ్లలో చిన్నవాడు మారన. నలుగురిలోకీ కోపిష్టి కూడా అతనే. మామూలుగా గండి దాటాలంటే ఒక పగలు పడుతుంది. ఆ రోజు మారన తెల్లవారుతూనే పడవ దించి, పొద్దు బారెడెక్కేసరికి కనకశృంగ నగరం రేవులో దూకాడు. పడవ అడుగున రెండు పలకలు పగిలి నీళ్లు బుగబుగమంటున్నా వెనక్కి తిరిగి చూడలేదు.

రాజుగారి హంసనౌకకు కాపరిగా ఉన్న తన అన్న పోలనను దొంగ అన్నారు. మారనకు అందిన కబురు అంతే. అంతకంటే వినడానికి అతను ఆగలేదు.

కోట ముంగిట నాగబావి ఉంది. నూరుమంది చేతులు పట్టుకుని నిలబడితే గానీ చుట్టు రాని బావి. నల్లరాతి అంచు మీద పడగ విప్పిన పాములు చెక్కి ఉంటాయి. లోపలికి రాయి వేస్తే చప్పుడు వినబడదు. ఆ బావి మీద అడ్డంగా వేసిన దూలానికి మూడు మోకులు వేలాడుతున్నాయి. మూడు మోకులకు ముగ్గురు మనుషులు. మధ్యలో ఉన్నవాడు పోలన. చేతులు కట్టేసి ఉన్నాయి, తల వాలిపోయింది.

మారన కేక పెట్టబోయాడు. వెనకనుంచి ఎవరో అతని నోరు నొక్కేశారు.

"అరిచావంటే నాలుగో మోకు యేలాడదీస్తారు తమ్ముడా! ఇట్రా."

ఆమె పేరు ఎర్రక్క. కోటలో బట్టలుతికే మనిషి. ఆమె భర్త బొల్లన ఖజానా కావలివాడు. ఎడమవైపు మోకుకు వేలాడుతున్నది అతనే. కుడివైపున ఉన్నది దేవిడీకి పూలు కట్టి తెచ్చే మైలమ, వెనకా ముందూ ఎవరూ లేని పిల్ల. ఎర్రక్క కళ్లు ఎర్రబడి ఉన్నాయి కానీ తడి లేదు. ఏడ్చి ఏడ్చి ఆ పని పూర్తిచేసి, ఇప్పుడు కోపం దగ్గరికి వచ్చినట్టుంది.

"రాజుగారి నీలకంటి మణి పోయింది. రాజుగారి మాంత్రికుడు ధూమజటి అంజనమేసి చూశాడు. దొంగ ఒక్కడేనంట, మొకం మట్టుకు అవుపించలేదంట. అందుకని పాళ్లు చెప్పాడు. పదంటే ఖాయమంట. మీ అన్న మీద తొమ్మిది పాళ్లు, మా ఆయన మీద ఏడు, ఆ పూలమ్మి మీద అయిదు. అయిదుంటే చాలంట, బావిలో ఎయ్యడానికి. మట్టమజ్జానం గంట కొట్టగానే మోకులు తెంపుతారు."

"ముగ్గురి సంగతీ ఒక్కసారే చెప్పాడా?"

"లేదు. మీ అన్న సంగతి రాజుగారితో, మా ఆయన సంగతి దండనాయకుడితో, దాని సంగతి అంతఃపురంలో. ఎవరి చెవిలో వాళ్లకి. బట్టలుతికేదాన్ని, నాకు అన్ని చెవులూ తెలుసు."

మారన వేళ్లు మడిచి లెక్క చూశాడు. మళ్లీ చూశాడు. దవడ ఎముక బిగుసుకుంది.

"దొంగ ఒక్కడే. ఉన్నవి పది పాళ్లే. మరి ఇరవై ఒకటి ఎట్లా పంచిపెట్టాడు అక్కా ఆ ముండాకొడుకు?"

ఎర్రక్క తన మూట విప్పి ఒక జరీ అంచు శాలువా, ఉత్తరీయం బయటికి లాగింది. పోయిన వారం కోటకు విచ్చేసిన పరదేశి పండితుడివి, ఇంకా ఇస్త్రీ కూడా చల్లారలేదు. శిక్ష పడిన రోజు గంట కొట్టేలోపు ఎవరైనా సభలో ధూమజటితో వాదించవచ్చునన్నది ఆ రాజ్యపు ఆచారం. ఓడిపోతే నాలుక కోస్తారు.

"ఏసుకో," అంది ఎర్రక్క.

*

కనకశృంగం సభామంటపాన్ని చూసి స్వర్గానికి చెమట పట్టిందని అక్కడి వందిమాగధులు పాడతారు. నూటెనిమిది స్తంభాలు, ప్రతి స్తంభానికీ పగడాల లతలు, లతల మీద పచ్చల చిలుకలు. గాలి వీస్తే ఆ చిలుకలు నిజంగానే రెక్కలాడిస్తాయి. నడుమ వెండి హోమగుండం. దాని అవతల ఏనుగుదంతపు సింహాసనంలో పద్మబాహు మహారాజు కూర్చుని ఉన్నాడు. మంచివాడే. అయితే ఏ నిర్ణయమూ తనంతట తాను తీసుకోలేడు. పదేళ్లుగా ఏ సంగతికైనా "ఎన్ని పాళ్లు?" అని అడగడం, ధూమజటి చెప్పింది చెయ్యడం, హాయిగా నిద్రపోవడం అలవాటయింది.

ధూమజటి గుండం పక్కనే పులితోలు మీద ఉన్నాడు. మోకాళ్ల దాకా దిగిన జడలు, ఆ జడల్లోంచి సన్నగా ఎప్పుడూ పొగ. మెడలో ఇరవై నాలుగు ఎముక పూసల మాల. ఒక్కో పూసలో ఒక్కో భూతాన్ని బంధించాడు. అవి లోపల గోళ్లతో గీరుతున్న చప్పుడు సభ చివరిదాకా వినిపిస్తోంది.

మారన అడుగు పెట్టేసరికి వాదం ఒకటి నడుస్తూనే ఉంది. ముసలి తార్కికుడు కేదారభట్టు, ఎనభై ఏళ్లవాడు, ఆ ముగ్గురికోసం నాలుక పణంగా పెట్టి నిలబడ్డాడు. చేతిలో ఒక గవ్వ ఉంది.

"పాళ్లనేవి వస్తువులో ఉంటాయి మహారాజా, మనిషి గుండెలో ఉండవు. ఈ గవ్వను వెయ్యిసార్లు విసిరి, ఎన్నిసార్లు వెల్లకిలా పడిందో లెక్కపెట్టండి. అదీ పాలు! గరుడగండిలో నూరు పడవలు దిగితే ఏడు పగులుతాయి. రేవు పెద్దలు తరతరాలుగా లెక్కపెట్టిన మాట అది. ఎవరు నమ్మినా, నమ్మకపోయినా ఏడే. ధూమజటిగారు దేన్ని లెక్కపెట్టి తొమ్మిదన్నారు?"

ధూమజటి నవ్వాడు. గవ్వను అందుకుని ఎగరేశాడు. అది నేల మీద పడీ పడకముందే అరచెయ్యి బోర్లించి కప్పేశాడు.

"పడింది. వెల్లకిలానా, బోర్లానా?"

"చూడకుండా ఎట్లా చెప్పను? సగం పాలు అటు, సగం పాలు ఇటు."

"నా చేతికింద గవ్వ సగం వెల్లకిలా, సగం బోర్లా పడుకుని ఉందా భట్టూ?" సభ గొల్లుమంది. "అది ఎట్లా పడాలో అట్లా పడే ఉంది. దానికి అనుమానం లేదు. సగం ఉన్నది నీ బుర్రలో! పాలు అంటే తెలియనివాడి గుండెలో ఉండే నమ్మకం, మరేమీ కాదు. పైగా ఈ దొంగతనం ఒక్కసారే జరిగింది. వెయ్యిసార్లు మణిని దొంగిలింపజేసి లెక్కపెడతావా?"

కేదారభట్టు ఓడిపోయాడు. భటులు అతని రెక్కలు పట్టుకున్నారు.

స్తంభం పక్కన మారనకు ఒళ్లు మండిపోయింది. ముసలివాడు ఓడినందుకు కాదు. ధూమజటి చెప్పిన మాట నిజమైనందుకు! గండిలో తను ఏనాడూ నూటికి ఏడు అనుకుంటూ పడవ దించలేదు. ఆనాటి నీటి రంగు చూసి, గాలి వాసన చూసి, ఈ పడవ దాటుతుందా లేదా అన్నది గుండెలోనే తూచుకునేవాడు. ఆ తూకం తనదే. కానీ తూచిన తర్వాత ఆ పడవలో తనూ కూర్చునేవాడు. గట్టు మీద నిలబడి పాళ్లు చెప్పే సరంగును రేవులో కుక్క కూడా నమ్మదు.

"ఆగండి!" అంటూ ముందుకొచ్చాడు. "మేము తామ్రద్వీపం నుంచి విచ్చేసిన పండితులం. ధూమజటులవారి సిద్ధాంతము మాకు సర్వాంగీకారము. పాళ్లు గుండెలోనే గలవు."

రాజు ఆశ్చర్యపోయాడు. "అంగీకరించేవారు వాదానికి రావడమెందుకు?"

"గుండెలో ఏమున్నదో పరులకు తెలియుట ఎట్లు మహారాజా? నోరు తొమ్మిదనవచ్చును, గుండె రెండనవచ్చును. నోటిని కాదు, గుప్పిటను అడగవలెను. ఎంత నమ్మితే అంత వదులుకోగలగాలి. అదియే తూకము."

ధూమజటి కళ్లు చికిలించాడు. "ఏమి వదులుకోమంటావు?"

"నీ పూసలు. ఒక్కో పూసకు నా ఒక్కో ఏడాది ఊడిగం సాటి. హంసనౌక కాపరే దొంగ అని తేలితే నేను నీకు పదేళ్లు గొడ్డుచాకిరీ చేస్తాను. కాదని తేలితే నీకేమీ ఇవ్వను. ఈ బేరానికి పది పూసలిస్తే దొంగ అతనేనని నీకు రూఢి అయినట్టు. నువ్వు తొమ్మిది పాళ్లన్నావు. తొమ్మిది పూసలివ్వు. నీ నమ్మకం నిజమైతే ఇందులో నీకు నష్టం లేదు."

సభ మొత్తం ధూమజటి వైపు తిరిగింది. ఇవ్వనంటే తొమ్మిది పాళ్లు నమ్మలేదని రాజు ఎదుటే ఒప్పుకున్నట్టు. పైగా దొంగ ఎవరో చివరికి తేల్చేది తనే కదా! అతను పెదవి విరిచి తొమ్మిది పూసలు తెంపి పళ్లెంలో వేశాడు.

"ఖజానా కావలివాడి మీద కూడా ఏదో అన్నారని విన్నాము. ఏడు కదూ? అతని మీదా అదే బేరం."

దండనాయకుడు అవునన్నట్టు తల ఊపాడు. రాజు కనుబొమలు లేచాయి. ఆ సంగతి అతనికి తెలియదు. ధూమజటి క్షణం తటపటాయించాడు. అప్పటికే సభలో గుసగుసలు మొదలయ్యాయి. ఏడు పూసలు పళ్లెంలో పడ్డాయి.

"పూలమ్మి మీద అయిదు. ఊఁ, కానియ్యి! చెయ్యి ఆగిందేం?"

"పండితుడి నోట పడవవాడి మాట!" ధూమజటి దిగ్గున లేచాడు. "నీ అరచేతుల్లో తెడ్డు కాయలున్నాయి. ఎవరురా నువ్వు?"

మారన శాలువా తీసి నేలకేసి కొట్టాడు.

"పోలన తమ్ముణ్ణిరా! గండి సరంగు మారనని! పూసలు పెడతావా, అయిదని అబద్ధమాడానని రాజుగారి కాళ్ల మీద పడతావా?"

అయిదు పూసలు పళ్లెంలో దొర్లాయి. ధూమజటి చెయ్యి ఇంకా వాటి మీదే ఉండగా, భటుల చేతుల మధ్య నుంచి కేదారభట్టు గొంతు పొలికేకలా లేచింది.

"తొమ్మిదీ ఏడూ పదహారు, పదహారూ అయిదూ ఇరవై ఒకటి! మహారాజా, దొంగ ఒక్కడేనని చాటింపు వేయించింది ఈయనే. కాపరి దొంగైతే పదేళ్ల ఊడిగం వస్తుంది. కావలివాడైనా పదే. పూలమ్మి అయినా పదే. ఎవరూ కాకపోతే అదీ లేదు! వచ్చే పదికోసం ఇరవై ఒకటి ఇచ్చాడు. దొంగ ఎవరో దేవుడికి కూడా తెలియక ముందే పదకొండు పోగొట్టుకున్నాడు. తన గుండెలో ఏముందో తెలిసినవాడెవడూ ఈ బేరం చెయ్యడు. ఈయన గుండెలో ఏ పాళ్లూ లేవు!"

పద్మబాహు మహారాజు నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. పదేళ్లలో నాగబావిలో పడినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టుకుంటున్నవాడిలా అతని పెదవులు కదిలాయి.

"అయితే... ఇన్నాళ్లూ ఆ పాళ్లు..." అన్నాడు.

"ఎవరు నీకు లొంగకపోతే వాళ్లమీద పాళ్లు పెంచావు," మారన పళ్లు నూరాడు. "ఎవరి చెవికి ఏది ఇంపో అది ఊదావు. పాళ్లు గుండెలోవే అన్నావు, బాగుంది. అందుకని నోటికొచ్చిన అంకె చెబుతావా? నీ అంకెకు అవతల మనిషి వేలాడుతున్నాడురా!"

ధూమజటి మాత్రం భయపడలేదు. మారన ముఖంలో ముఖం పెట్టి మెల్లగా అడిగాడు.

"నీ అన్న దొంగ కాడని నీకెన్ని పాళ్లు?"

"పదికి పది!"

"ఏం లెక్కపెట్టావు? ఏ అంజనంలో చూశావు?"

"చూడక్కర్లేదు. నా అన్న."

"మరి నాకూ నీకూ తేడా ఏమిటి?"

మారనకు కోపం తలకెక్కింది. పళ్లెం రెండు చేతులా ఎత్తి, ఇరవై ఒక్క పూసల్నీ హోమగుండంలో గుమ్మరించాడు.

ఎముకలు పటపటా పేలాయి. గుండంలోంచి ఒక్కో భూతమూ తాటిచెట్టంత ఎత్తున లేచింది. ఒకదానికి ఒంటికన్ను, ఒకదానికి వీపు మీద నోరు, ఒకటి ఒట్టి వెంట్రుకల సుడి. ఏళ్ల తరబడి పూసలో నలిగిన కసి అంతా ఒకేసారి విడుదలైంది. స్తంభాలు ఊగాయి. పచ్చల చిలుకలు రాలి నేల మీద పగిలాయి. భూతాలన్నీ ధూమజటి జడలు పట్టుకుని ఒక్కసారిగా పైకప్పుకేసి కొట్టాయి. కప్పు చీలింది, ఆకాశం కనబడింది. అయితే ధూమజటి చావలేదు. మెడలో మిగిలిన మూడు పూసల్ని కొరికి ఉమ్మాడు. మూడు నల్లని గద్దలు అతని చుట్టూ రెక్కలు కమ్మి, భూతాల్ని చీల్చుకుంటూ ముంగిట్లోకి మోసుకుపోయాయి.

మారన వెంటపడి పరిగెత్తాడు.

అప్పుడే మట్టమధ్యాహ్నపు గంట మోగింది.

బావి అంచున ఎర్రక్క తలారి చేతిలోని కత్తి మీద పడి పెనుగులాడుతోంది. బట్టలు బండకేసి బాదిన చేతులు అవి. తలారి ఒక్క గుద్దుకు వెల్లకిలా పడ్డాడు. కేదారభట్టు ఎట్లా తప్పించుకుని వచ్చాడో, బొల్లన మోకు పట్టుకుని ఊగిసలాడుతూ లాగుతున్నాడు. ఎర్రక్క వెళ్లి అతనికి తోడయింది. బొల్లన గట్టెక్కాడు. ఆ వెంటనే ముగ్గురూ కలిసి మైలమనూ లాగేశారు.

మధ్య మోకు మీద ఒక నల్లగద్ద వాలింది. ముక్కుతో పోగులు తెంపడం మొదలుపెట్టింది.

"పోలన్నా!"

మారన పరుగు ఆపలేదు. అంచు మీద కాలు మోపి ఎగిరి దూకాడు. గాలిలో మోకు అందింది. అరచేతుల చర్మం ఊడేలా కిందికి జారి అన్న భుజాల మీద పడ్డాడు. నడుం దగ్గర దాచిన చాకుతో చేతుల కట్లు కోశాడు.

"మోకు పట్టుకో! ఎక్కు! పైన అంతా తేలిపోయింది అన్నా. ఆ దొంగ మాంత్రికుడి పాళ్లన్నీ బద్దలు కొట్టాను. నువ్వు దొంగవి కాదని నిండు సభలో..."

"ఒరేయ్," అన్నాడు పోలన. గొంతు ఎండిపోయి ఉంది. "మణి నా దగ్గరే ఉందిరా."

తమ్ముడు వినలేదనుకుని పోలన తన తలపాగాలో, వెతికినా ఎవరికీ దొరకని లోపలి మడత వదులు చేశాడు. లోపల నీలిరంగు వెలుగు మెరిసింది.

మారనకు ఒక్క క్షణం పాటు పైనున్న ఆకాశమూ, కిందనున్న చీకటీ రెండూ కనపడలేదు. ఆ తర్వాత చెయ్యి దానంతటదే లేచింది. పాతాళం మీద ఒకే మోకుకు వేలాడుతూ, అన్న చెంప ఛెళ్లుమనిపించాడు.

"పదికి పదన్నాను! నాలుక పణం పెట్టి నిలబడ్డాను! నీ పక్కన ఆ ఇద్దరూ ఏ పాపమూ ఎరుగకుండా వేలాడుతుంటే నోరు మూసుకుని ఉన్నావా?"

"నేను చెప్పేశాను. మొదటి రోజే ధూమజటికే చెప్పాను," పోలన చెంప తడుముకోలేదు. "మణి ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. వాడికి దొంగ అక్కర్లేదురా, మణి కావాలి. నా నోరు విప్పించడానికే ఆ ఇద్దర్నీ కట్టాడు."

"ఇవ్వకపోయావా మరి! ముగ్గురి ప్రాణాలకంటే రాయి ఎక్కువా?"

"రాయి కాదది. చెవి దగ్గర పెట్టుకో."

మారన కోపంతోనే తల వంచాడు. నీలపు వెలుగులోంచి సన్నగా, చాలా దూరం నుంచి వస్తున్నట్టు ఒక ఏడుపు వినిపించింది. ఒక్కరిది కాదు. పదులు, వందల మందిది. ఆ ఏడుపుల నడుమ ఒక ఆడగొంతు, దప్పికతో నీళ్లడిగినట్టు, ఎవరి పేరో పదే పదే పిలుస్తోంది.

"ఈ బావిలో పడ్డవాళ్లెవరూ చావలేదురా తమ్ముడూ," అన్నాడు పోలన. "అందరూ ఇందులోనే ఉన్నారు."

పైన టప్పున శబ్దమైంది. ఒక పోగు తెగింది. రెండోది తెగింది. ధూమజటి ముఖం బావి అంచు మీద కనబడింది. జడలు సగం కాలిపోయాయి, కళ్లలో నిప్పులు, చూపు ఆ నీలి వెలుగు మీదే. ఎర్రక్క కేక, కేదారభట్టు కేక ఎక్కడో దూరంగా వినిపించాయి.

"మణిని పైకి విసురు!" ధూమజటి అరిచాడు. "మోకు నిలుస్తుంది!"

పోలన తమ్ముడి వైపు చూశాడు. ఏం చెయ్యమంటావని ఆ చూపు. ఆ ఏడుపుల్ని వాడి చేతికిచ్చేది లేదన్నట్టు మారన మణిని లాక్కుని, తన నోట్లో పెట్టుకుని దవడ బిగించాడు. ఎడమ చేత్తో అన్న జుట్టు గుప్పిట్లో పట్టాడు. మోకు చివరి పోగు తెగింది.

వాళ్లిద్దరూ పడుతున్నారు. నల్లరాళ్లు పైకి పరిగెడుతున్నాయి, కింద నీటివాసన కాదు, నిప్పువాసన వస్తోంది. మారన మణిని బుగ్గ పక్కకు నెట్టి, గాలిని చీల్చేలా అన్న చెవిలో అరిచాడు.

"నా కోపం తీరేదాకా నువ్వు చావడానికి వీల్లేదు! వింటున్నావా?"